బొమ్మ నుండి గుర్తుకు

కంప్యూటర్ తెర వెలగగానే దానిమీద చిన్న చిన్న బొమ్మలు బారులు తీరి కనిపిస్తాయి. ఒక మూల చెత్తబుట్ట, దాని పక్కన పసుపుపచ్చని కాగితాల సంచి, మరొకచోట భూగోళం. వీటిని ఐకాన్‌లు అంటారు. రూపం, ప్రతిబింబం అనే అర్థాలు గల గ్రీకు పదం ఈ మాటకు మూలం. తెలుగులో దీనిని 'ప్రతిమ' అన్నవారున్నారు కాని, 'గుర్తు' అనడమే దాని పనికి దగ్గరగా ఉంటుంది. కంప్యూటర్ విషయంలో ఈ మాటను డేవిడ్ కాన్‌ఫీల్డ్ స్మిత్ 1975లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి సమర్పించిన పరిశోధన గ్రంథంలో ప్రయోగించారు. 1981లో జిరాక్స్ సంస్థ విడుదల చేసిన స్టార్ అనే కంప్యూటర్‌తో ఐకాన్‌లు విపణిలోకి వచ్చాయి. 1984 నాటి మాకింటోష్ కోసం సుసాన్ కేర్ అనే చిత్రకారిణి గళ్ళ నోటుపుస్తకంలో అడ్డం 32, నిలువు 32 గళ్ళు తీసుకొని, ఒక్కొక్క గడినీ నలుపుతో నింపుతూ బొమ్మలు గీశారు. ఆ తరువాత ఇవి లేని కంప్యూటర్ అరుదైపోయింది.

గుర్తు అనగానే తెలుగువారికి ముందుగా స్ఫురించేది ఎన్నికల గుర్తు. 1951 జనాభా లెక్కల ప్రకారం దేశంలో అక్షరాస్యులు నూటికి 18 మంది మాత్రమే. 1951–52లో జరిగిన తొలి సాధారణ ఎన్నికలలో ఒక్కొక్క అభ్యర్థికి ఒక్కొక్క పెట్టె కేటాయించి, దానిమీద గుర్తును అంటించారు. కాడి కట్టిన ఎద్దుల జత, గుడిసె, చెట్టు, కంకి కొడవలి. పేరు చదవలేని ఓటరు బొమ్మను పోల్చుకొని, ఎవరినీ అడగకుండా, తన చీటీని ఆ పెట్టెలో వేయగలిగాడు. ఇందులో 'ఎవరినీ అడగకుండా' అన్నదే ముఖ్యం. పక్కవానిని అడిగి వేసిన ఓటు రహస్యమైన ఓటు కాజాలదు.

కంప్యూటర్ పల్లెకు వచ్చినప్పుడు ఇదే ప్రశ్న మరొక రూపంలో ఎదురైంది. చిత్తూరు జిల్లాకు దక్షిణపు కొసన, ఆంధ్రప్రదేశ్, కర్ణాటక, తమిళనాడు కలిసేచోట కుప్పం ఉంది. 2002లో హ్యూలెట్ ప్యాకర్డ్ సంస్థ రాష్ట్ర ప్రభుత్వంతో కలిసి అక్కడ 'ఐ కమ్యూనిటీ' అనే మూడేళ్ళ పథకాన్ని ప్రారంభించింది. గ్రామాలలో సమాచార కేంద్రాలు వెలిశాయి. స్వయం సహాయక బృందాలకు చెందిన కొందరు స్త్రీలకు డిజిటల్ కెమెరాలు, చేత మోసుకుపోగల ప్రింటర్లు, సౌరశక్తితో వాటిని నడిపే పరికరాలు అందాయి. గుర్తింపు కార్డులకు, కుటుంబ వేడుకలకు వారు ఊళ్ళలోనే ఫోటోలు తీసి అక్కడికక్కడే అచ్చువేసి ఇవ్వసాగారు. అంతకుముందు ఒక చిన్న ఫోటో కోసం పట్నానికి బస్సెక్కి, ఒకనాటి కూలి వదులుకోవలసి వచ్చేది.

ఫోటో విషయం సులువుగానే తేలింది. చేతికి వచ్చిన కాగితం మీద తన ముఖాన్ని ఎవరైనా గుర్తుపట్టగలరు. తెర సంగతి అలా కాదు. చదువురాని స్త్రీ ఒకతె అటువంటి కేంద్రానికి వచ్చి తన పొలం వివరమో, పంట ధరో, పింఛను సంగతో తానే చూసుకోవాలనుకుంటే, ఆమెకు అక్కరకు వచ్చేది బొమ్మ ఒక్కటే. ఆ బొమ్మ అర్థంకాకపోతే మళ్ళీ మరొకరి నోటివెంట వినవలసిందే. తెరమీది బొమ్మను గీసేవాడు ఇంత బాధ్యతను మోస్తున్నాడు. ఈ బాధ్యతలో కొంత భాగం యంత్రానికి అప్పగించవచ్చు. ఎంత భాగం అన్నదే తెలుసుకోవలసిన విషయం.

ఒక ఉదాహరణ తీసుకోవచ్చు. మదనపల్లె టమాటాకు పేరుపొందిన ఊరు. నీరుగట్టువారిపల్లెలోని మార్కెట్ యార్డు నుండి లారీలు అనేక రాష్ట్రాలకు సరకు మోసుకుపోతాయి. అక్కడి ధరలు చూపే చిన్న ప్రోగ్రాం ఒకటి తయారైందని, దానికి డెస్క్‌టాప్ మీద ఉంచే ఐకాన్ కావాలని అనుకోవచ్చు. విద్యార్థి చేతిలో ఒక టమాటా ఫోటో ఉంది. అడ్డం 1600, నిలువు 1200 చుక్కలు గల సాధారణమైన ఫోటో అది. ఈ చుక్కలనే పిక్సెల్‌లు అంటారు. ఐకాన్ చదరంగా ఉండాలి కనుక పక్కలు కత్తిరిస్తే 1200 చుక్కల చదరం మిగులుతుంది. దానిని 16 చుక్కల చదరంలోకి దించాలి. అంటే ఫోటోలోని 75 × 75, మొత్తం 5,625 చుక్కలు కలిసి ఐకాన్‌లో ఒకే ఒక్క చుక్క అవుతాయి. ఆ 5,625 రంగుల సగటును యంత్రం లెక్కగట్టి ఒక్క రంగుగా వేస్తుంది. తొడిమ పక్కనున్న సన్నని నీడ, పండుమీది నీటిబొట్టు, తట్ట అంచు, అన్నీ ఆ సగటులో కరిగిపోతాయి. చివరకు మిగిలేది గోధుమరంగు నేలమీద ఒక ఎర్రని మరక. అది టమాటా కావచ్చు, దానిమ్మ కావచ్చు, ఉల్లిగడ్డ కూడా కావచ్చు.

ఈ ఇబ్బంది నీరుగట్టువారిపల్లెలోనే పట్టుచీరలు నేసేవారికి పాతదే. నేతగాడు నెమలిని చీర అంచులో నేయాలనుకుంటే ముందు దానిని గళ్ళ కాగితం మీదికి ఎక్కించాలి. ఒక్కొక్క గడి పడుగూ పేకా కలిసే ఒక్కొక్క చోటును తెలుపుతుంది. ఆ కాగితాన్ని అనుసరించి జకార్డు అట్టలకు రంధ్రాలు పడతాయి. దారం పైకి లేస్తుంది, లేదా లేవదు. సగం లేవడం అంటూ లేదు. అందుచేత వెడల్పైన పైటకొంగుకు గీసిన నెమలిని సన్నని అంచుకు యథాతథంగా కుదించడం కుదరదు. అంచు నెమలికి ఈకలు తక్కువ, మెడ కొంచెం లావు, కన్ను ఒకే గడి. చిన్న నెమలిని మళ్ళీ గీయవలసిందే. గళ్ళ కాగితం ముందు కూర్చున్న నేత కళాకారునికి ఐకాన్ రహస్యం ఎవరూ బోధించనక్కరలేదు.

పుంగనూరు ఆవును చూసినవారికి మరొక పోలిక తట్టవచ్చు. 70 నుండి 90 సెంటీమీటర్ల ఎత్తు మాత్రమే ఉండే ఆ పొట్టి జాతి, ఒంగోలు ఆవును నలుమూలలా నొక్కి కుదించినట్లు ఉండదు. దాని కాళ్ళు, తల, వెడల్పైన నుదురు ఆ ఎత్తుకు తగినట్లు తమవైన పాళ్ళలో ఏర్పడ్డాయి. 16 చుక్కల టమాటా కూడా అలాగే తన కొలతకు తానై ఉండాలి. కొంచెం పైకి కిందికి అణగిన ఎర్రని గుండ్రన, పైన నక్షత్రంలా విచ్చుకున్న నాలుగైదు పచ్చని చుక్కలు. ఉల్లికీ దానిమ్మకూ లేనిది ఆ పచ్చని తొడిమె నక్షత్రమే కనుక, దానిని నిజంగా ఉన్నదానికంటె పెద్దదిగా గీయడం తప్పుకాదు. ధర అని తెలపడానికి పక్కన రూపాయి గుర్తు చేర్చాలంటే మరింత జాగ్రత్త అవసరం. 2010లో కేంద్ర ప్రభుత్వం ఆమోదించిన ఆ గుర్తులో రెండు అడ్డగీతలున్నాయి. యాంత్రికంగా కుదిస్తే ఆ రెండు గీతలూ వాటి నడుమ ఖాళీ కలిసి ఒకే బూడిదరంగు పట్టీగా మారతాయి. గీతకు ఒక వరుస, ఖాళీకి ఒక వరుస, మళ్ళీ గీతకు ఒక వరుస అని లెక్కపెట్టి ఉంచాలి.

ఇక గీసిన బొమ్మను ఐకాన్‌గా మార్చే పని. ఇక్కడ చాలామంది ఒక దగ్గరిదారి తొక్కుతారు. 'టమాటా.పీఎన్‌జీ' అనే ఫైలు పేరులో చివరి మూడక్షరాలు చెరిపి 'ఐసీఓ' అని రాసి, ఐకాన్ తయారైందని సంతోషిస్తారు. 1919లో రవీంద్రనాథ్ ఠాగూర్ మదనపల్లెలోని బెసెంట్ థియసాఫికల్ కళాశాలలో బసచేసినప్పుడు 'జనగణమన'ను ఆంగ్లంలోకి అనువదించారు. గీతానికి ఇంగ్లీషు శీర్షిక తగిలించి ఊరుకుంటే అనువాదం కాదు గదా! ఫైలు విషయమూ అంతే. పేరు మారినా లోపలి అమరిక పీఎన్‌జీదే.

ఐసీఓ ఫైలు లోపలి అమరిక పొందికైనది. దానిని ఒక పెట్టెగా భావించవచ్చు. ఒకే గుర్తు పలు కొలతలలో ఆ పెట్టెలో ఉంటుంది. మొదటి ఆరు బైట్లు పెట్టెమీది చీటీ వంటివి: అది ఐకాన్ అని, లోపల ఇన్ని బొమ్మలున్నాయని అవి చెబుతాయి. తరువాత ఒక్కొక్క బొమ్మకు 16 బైట్ల చొప్పున పట్టిక నడుస్తుంది. వెడల్పు, ఎత్తు, రంగుల వివరం, ఫైలులో ఆ బొమ్మ మొదలయ్యే చోటు అందులో నమోదవుతాయి. నాలుగు బొమ్మలుంటే 70 బైట్ల ముందుమాట తరువాతనే అసలు బొమ్మలు వస్తాయి. వెడల్పు చెప్పడానికి ఒకే బైటు కేటాయించారు. ఒక బైటులో 255కు మించిన అంకె పట్టదు. అందుకని 256 చుక్కల బొమ్మకు వెడల్పు 'సున్న' అని రాస్తారు! 1985లో విండోస్ తొలి రూపం వచ్చినప్పుడు 32 చుక్కల నలుపు తెలుపు ఐకాన్‌లే ఉండేవి కనుక ఈ చిక్కు ఎవరికీ తోచి ఉండదు. 2001లో విండోస్ ఎక్స్‌పీతో అంచులు మృదువుగా కలిసిపోయే పారదర్శకత, 2007లో విస్టాతో 256 చుక్కల బొమ్మ వాడుకలోకి వచ్చాయి. కిటికీ శీర్షిక పక్కన 16, డెస్క్‌టాప్ మీద 32 లేదా 48, పెద్దవిగా చూడదలిస్తే 256 చుక్కల బొమ్మను విండోస్ ఆ పెట్టెలోనుండి ఎంచుకుంటుంది. తగిన కొలత దొరకకపోతే ఉన్నదానినే సాగదీస్తుంది, లేదా కుదిస్తుంది. డెస్క్‌టాప్ మీద మసకబారిన ఐకాన్‌లు కనబడటానికి ఇది తరచుగా కారణం.

ఈ పెట్టెను కట్టడానికి కమాండ్ లైన్ పనిముట్లు ఉన్నాయి. మౌస్ నొక్కుళ్ళకు బదులు ఒక పంక్తి టైపుచేసి కంప్యూటర్‌కు పని చెప్పే పద్ధతి అది. వ్యాకరణం తెలిసినవారికి ఆ పంక్తి విధ్యర్థక వాక్యంలా కనిపిస్తుంది. అందులో క్రియ ఉంటుంది, కర్మ ఉంటుంది, విశేషణాలుంటాయి. తెలుగు వాక్యంలో క్రియ చివర వస్తే ఈ వాక్యంలో మొదటనే వస్తుంది. డ్యూపాంట్ సంస్థలో పనిచేసిన జాన్ క్రిస్టీ 1987లో రాయడం మొదలుపెట్టి, 1990లో అందరికీ ఉచితంగా విడుదల చేసిన ఇమేజ్ మాజిక్ ఈ పనిముట్లలో ప్రసిద్ధమైనది. దానికి ఇచ్చే ఆజ్ఞ ఇలా ఉంటుంది. కీబోర్డు మీద దీనిని ఇంగ్లీషు అక్షరాలలోనే టైపుచేయాలి:

మాజిక్ టమాటా.పీఎన్‌జీ -డిఫైన్ ఐకాన్:ఆటో-రీసైజ్=256,48,32,16 టమాటా.ఐసీఓ

మొదటి మాట క్రియ. రెండవది మార్చవలసిన ఫైలు. అడ్డగీతతో మొదలయ్యేది ఎలా మార్చాలో తెలిపే షరతు: ఈ నాలుగు కొలతలలో బొమ్మలు చేసి పెట్టెలో ఉంచు అని. చివరిది పుట్టవలసిన ఫైలు పేరు. మాటకూ మాటకూ నడుమ ఖాళీ తప్పనిసరి. సమానపు గుర్తుకు అటూ ఇటూ ఖాళీ పనికిరాదు. ఫైలు పేరులోనే ఖాళీ ఉంటే దానిని ఉద్ధరణ చిహ్నాలలో ఉంచాలి, లేకుంటే ఒక పేరును యంత్రం రెండు పేర్లుగా చదువుకుంటుంది. బొమ్మ చదరంగా లేకపోతే కొలతల షరతుకు ముందే '-గ్రావిటీ సెంటర్ -ఎక్స్‌టెంట్ 1200ఎక్స్1200' అని చేర్చి మధ్యభాగాన్ని మాత్రం ఉంచవచ్చు. ఇక్కడ 'ఎక్స్' అన్నది కొలతల నడుమ రాసే ఇంగ్లీషు అక్షరం.

మూలచిత్రం జేపీఈజీ ఫోటో అయితే మరొక చిక్కు వస్తుంది. జేపీఈజీలో పారదర్శకత లేదు. టమాటా వెనుకనున్న తెల్లని నేల ఐకాన్‌లోనూ తెల్లని చదరంగా వెంట వస్తుంది. నీలిరంగు డెస్క్‌టాప్ మీద అది అతికించిన కాగితం ముక్కలా కనిపిస్తుంది. తెలుపును తీసివేయమని '-ఫజ్ 10% -ట్రాన్స్‌పరెంట్ వైట్' అని చెప్పవచ్చు. యంత్రం నిజాయితీగా తెలుపంతా తీసివేస్తుంది. దానితోపాటు పండుమీద మెరిసే తెల్లని వెలుగు మచ్చనూ తీసివేసి, టమాటాకు నడుమ రంధ్రం పెడుతుంది. నేల ఏది, మెరుపు ఏది అన్న వివేచన దానికి లేదు. నేలను చేత్తో చెరిపి పీఎన్‌జీగా భద్రపరచడమే ఉత్తమం.

ప్రమాదాలు కూడా లేకపోలేదు. ఇమేజ్ మాజిక్ పాత రూపాలలో 'మాజిక్'కు బదులు 'కన్వర్ట్' అనే క్రియ ఉండేది. పాత పుస్తకాలలో ఇప్పటికీ అదే కనిపిస్తుంది. అయితే విండోస్‌లో అదే పేరుగల మరొక ప్రోగ్రాం ఉంది; అది డిస్కు అమరికను మార్చేది. బొమ్మను మార్చబోయి డిస్కును మార్చే ఆజ్ఞను పిలవడం ఎంతమాత్రం వాంఛనీయం కాదు. 2016లో వచ్చిన ఏడవ రూపం నుండి 'మాజిక్' అనే పేరు ప్రధానం కావడంతో ఈ గందరగోళం తగ్గింది. ఇదే కుటుంబానికి చెందిన 'మోగ్రిఫై' అనే ఆజ్ఞ ఒక సంచిలోని బొమ్మలన్నిటినీ ఒక్కసారే మారుస్తుంది. '-ఫార్మాట్ ఐసీఓ' అని చెప్పినంతవరకు మూలచిత్రాలు భద్రంగా ఉంటాయి. ఆ మాట మరచి కొలత మాత్రం చెబితే పెద్ద బొమ్మల మీదనే చిన్న బొమ్మలను రాసివేస్తుంది. పోయిన చుక్కలు తిరిగి రావు. సంచికి నకలు తీసుకొనకుండా దానిని వాడరాదు.

ఇంత కష్టమెందుకు, మౌస్‌తో చేసుకోరాదా అని అడగవచ్చు. ఒక్క ఐకాన్‌కైతే తప్పక చేసుకోవచ్చు. టమాటాతో మొదలైన ధరల ప్రోగ్రాంలో మామిడి, వేరుశనగ, చింతపండు, పట్టుగూళ్ళు చేరి నలభై గుర్తులు అవసరమైనప్పుడు, ఒక్కొక్కదానికి పది నొక్కుళ్ళు చొప్పున నాలుగు వందల నొక్కుళ్ళు. ఎక్కడో ఒకచోట 48కి బదులు 46 పడుతుంది. రాసిపెట్టుకున్న పంక్తి మాత్రం మొదటి బొమ్మకు ఎలా పనిచేసిందో నలభయ్యవదానికీ అలాగే పనిచేస్తుంది.

అయినా పైన చెప్పిన ఆజ్ఞ చేసేది కుదింపే. పెద్ద బొమ్మనిచ్చి చిన్నవాటిని దానినే చేసుకోమంటున్నది. పుంగనూరు ఆవు పోలికను పాటించాలంటే మరొక పనిముట్టు నయం. ఓస్కార్ లిల్జెబ్లాడ్ రూపొందించిన 'ఐకోయుటిల్స్'లో 'ఐకోటూల్' అనే ఆజ్ఞ ఉంది. లైనక్స్ వాడేవారికి అది ఉచితంగా లభిస్తుంది.

ఐకోటూల్ -సి -ఓ టమాటా.ఐసీఓ టమాటా16.పీఎన్‌జీ టమాటా32.పీఎన్‌జీ టమాటా48.పీఎన్‌జీ టమాటా256.పీఎన్‌జీ

ఇందులో '-సి' అంటే సృష్టించు, '-ఓ' తరువాతిది పుట్టవలసిన ఫైలు. మిగిలినవి విడివిడిగా గీసిన నాలుగు బొమ్మలు. ఈ పనిముట్టు దేనినీ కుదించదు. ఇచ్చినవాటిని ఇచ్చినట్లే పెట్టెలో పెట్టి, పట్టిక రాసి మూత వేస్తుంది. 256 చుక్కల బొమ్మలో నీటిబొట్టు ఉండవచ్చు. 48లో మెరుపు మాత్రం మిగలవచ్చు. 16లో ఎరుపూ పచ్చా చాలు. ఏ కొలతలో ఏది వదలాలో గీసినవారు నిర్ణయించారు; యంత్రం ఆ నిర్ణయాన్ని మోసింది. '-సి'కి బదులు '-ఎక్స్' అని రాస్తే ఇదే ఆజ్ఞ ఇతరుల ఐకాన్‌ను విప్పి లోపలి బొమ్మలను విడివిడిగా చూపుతుంది. చక్కని ఐకాన్‌ను విప్పి దాని 16 చుక్కల రూపాన్ని పరిశీలించడం విద్యార్థికి మంచి పాఠం. లైనక్స్ డెస్క్‌టాప్‌కు మాత్రం ఈ పెట్టె అవసరం లేదు. అక్కడ కొలతకొక సంచి ఉంటుంది, విడి పీఎన్‌జీ బొమ్మలను ఆయా సంచులలో ఉంచితే సరిపోతుంది.

కొత్త ఐకాన్ తగిలించిన తరువాత కూడా విండోస్ పాత బొమ్మనే చూపితే కంగారు పడనక్కరలేదు. వేగం కోసం అది ఐకాన్‌లను ఒకచోట దాచుకుంటుంది. కంప్యూటర్‌ను మళ్ళీ ప్రారంభిస్తే సాధారణంగా కొత్తది కనబడుతుంది.

అసలు పరీక్ష ఆ తరువాతిది. ఆ గుర్తును అసలు కొలతలోనే, చదువురానివారికి చూపి, ఇదేమిటని అడగాలి. బెంగుళూరులోని మైక్రోసాఫ్ట్ పరిశోధనశాలలో ఇంద్రాణీ మేథీ, ఆమె సహచరులు ఇళ్ళలో పనిచేసే స్త్రీల కోసం అక్షరాలు లేని తెరను రూపొందిస్తూ ఇదే పని చేశారు. 2006లో వెలువడిన వారి ఫలితాలు ఆలోచింపజేస్తాయి. ఆ స్త్రీలకు ఫోటోలకంటె, మరీ పొడిగీతలకంటె, నడిమి తరహాలో చేత్తో గీసిన బొమ్మలు బాగా తెలిశాయి. వస్తువును మాత్రం చూపితే వస్తువుగానే గ్రహించారు. కొళాయి నుండి నీరు జారుతున్నట్లు గీసినప్పుడు అది కడిగే పని అని గ్రహించారు. టమాటా ధర తెలపదలచిన విద్యార్థికి ఇది పనికివచ్చే సంగతి. టమాటా ఒక్కటే ఉంటే అది సాగు సలహా అనుకోవచ్చు, విత్తనాల దుకాణం అనుకోవచ్చు. పండు పక్కన త్రాసు ఉంటే సంత గుర్తుకు వస్తుంది. కాని 16 చుక్కలలో పండూ త్రాసూ రెండూ పట్టవు. అప్పుడు చిన్న కొలతలో ఏది ఉంచాలో మార్కెట్ యార్డుకు వచ్చే రైతును అడిగి తెలుసుకోవలసిందే.

పోలిక లేకుండానే నిలిచిపోయిన గుర్తులూ ఉన్నాయి. ఫైలును భద్రపరచడానికి నొక్కే గుర్తు ఫ్లాపీ డిస్కు బొమ్మ. జపాన్‌లో సోనీ సంస్థ 2011లో వాటి అమ్మకాన్ని నిలిపివేసింది. ఫ్లాపీని ఒక్కసారైనా చేతితో పట్టుకోని విద్యార్థులు ఆ నీలి చదరాన్ని తడబడకుండా నొక్కుతున్నారు. అది వారికి ఫ్లాపీ కాదు, 'భద్రపరచు' అనే క్రియ. ఆ అలవాటు ఇంకా ఏర్పడనివారు, తెర ముందు మొదటిసారి కూర్చున్నవారు, ఆ చదరాన్ని కిటికీ అనో పెట్టె అనో అనుకోవచ్చు.